అలీటాసి చాపలో వంకర వరస

ఆ ఏడు యూనివర్సిటీవాళ్ళకి పల్లెల మీద ప్రేమ పొంగింది. చదువుకున్నవాళ్ళకి ప్రేమ పొంగితే మొదట చేసే పని దానికో ఫారం అచ్చు వేయించడం. నాలుగు పేజీల ఫారం. పైన పెద్దక్షరాల్లో "ఊరే బడి" అని ఉంది. తరగతి గదిలో చెప్పే చదువు చాలదుట. టీచర్లు కాబోయేవాళ్ళు పద్నాలుగు వారాలు ఏదో ఒక ఊళ్ళో ఉండి, ఊరివాళ్ళ దగ్గర ఒక పని నేర్చుకుని, వాళ్ళతో కలిసి చెయ్యాలిట. మొత్తం నూరు మార్కులు. అందులో యాభై యూనివర్సిటీ వేస్తుంది. మిగతా యాభై ఊళ్ళో పని నేర్పినవాళ్ళు వేస్తారు. వాళ్ళ సంతకం లేకపోతే డిగ్రీ లేదు.

ఈ సంగతి తెలిసి సవాయి దీవిలో ఫాలేమౌలి ఊరంతా రెండు రోజులు పడీపడీ నవ్వింది. అసలా ఊరివాళ్ళ ఎకసెక్కం అలాంటిలాంటిది కాదు. ఒకప్పుడు సముద్రం పొంగి ఊళ్ళోకి వచ్చిందిట. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా, ఏం తెచ్చావు చేతిలో?" అని నలుగురూ దెప్పిపొడిస్తే, సిగ్గుపడి మోకాలిలోతు దగ్గరే వెనక్కి తిరిగిందిట.

"మార్కులు మనం వెయ్యాలిటర్రా!" అన్నాడు మసోయే. ఊరి తరఫున నలుగురిలో మాట్లాడే పెద్ద అతనే. "నాకు లెక్కల్లో రెండు మార్కులేసిన మేష్టారు బతికుంటే పట్టుకురండి. ముందాయన్ని కూర్చోబెట్టి పరీక్ష పెడతాను."

అలా వచ్చింది ఫీపే ఆ ఊరికి, రాజధాని ఆపియా నుంచి వచ్చి పడవ దిగి, చక్రాల పెట్టె ఇసకలో ఈడ్చుకుంటూ. ఇరవై రెండేళ్ళ పిల్ల. తల్లి ఆపియా బస్టాండులో పనికేకేలని తియ్యబూరెలు వేయించి అమ్ముతుంది. మరిగే నూనె ముందు పదహారేళ్ళు నిలబడి కూతుర్ని అంతదాకా చదివించింది. పట్నం బడిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, డిగ్రీ కాగితం చేతికొస్తే చాలు. తల్లి అప్పుడే బస్టాండులో డ్రైవర్లందరికీ "మా టీచరమ్మ, మా టీచరమ్మ" అని చెప్పేసింది.

ఫీపేని అలీటాసికి అప్పగించారు. డెబ్బై దాటిన మనిషి. పిల్లల్లేరు. మొగుణ్ణి చేపలు పట్టబోయిన చోట చేపలే పట్టుకున్నాయి. కళ్ళకి పొర కమ్మి, ఎదుట ఉన్నది మనిషో అరటిచెట్టో మాట్లాడితే గానీ తెలియదు. కానీ వేళ్ళున్నాయే, అవి చూసేవి. మొగలాకు చీల్చి, ఉడకేసి, సముద్రంలో నానేసి, ఎండబెట్టి, దారంలా సన్నగా తీసిన పోగుల్తో ఆవిడ అల్లే చాప పట్టుగుడ్డలా చేతిలోంచి జారిపోయేది. ఆవిడ చాపలో దోమ దూరబోయి ఇరుక్కుని చచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ దోమని చూసినవాళ్ళు కూడా ఇద్దరున్నారు.

"ఏం చదువుతున్నావే?" అంది అలీటాసి.

"టీచర్ చదువు, అవ్వా."

"మరిక్కడికెందుకొచ్చావ్?"

"నేర్చుకోడానికి."

"నేర్పేదానివి నువ్వు నేర్చుకోడమేంటే? మీ యూనివర్సిటీలో నేర్పేవాళ్ళంతా ఒక్కసారే పోయారా? మాకు కబురు పెట్టలేదే. చావుకి చాపలు పట్టుకొచ్చేవాళ్ళం కదా!"

అల్లిక ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరే యూనివర్సిటీ అయిపోయింది. "ఒసేయ్ యూనివర్సిటీ, ఆ బుట్ట ఇలా తే." "యూనివర్సిటీ, పందులకి కొబ్బరి వేశావా?" "యూనివర్సిటీకి మొగలిముల్లు గుచ్చుకుందర్రా, డాక్టరుని పిలవండి, పెద్ద డాక్టరుని, పుస్తకాల డాక్టరుని!" 

పిల్ల ఏడవలేదు. పగలు పోగులు తీసేది, సాయంత్రం నోటుబుక్కులో రాసుకునేది. వేళ్ళు పుళ్ళు పడ్డాయి. పళ్ళు బిగించి కూర్చుంది. అవతల తల్లి నూనె ముందు నిలబడి ఉంది మరి.

అలీటాసి ఒళ్ళో అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఒకటే చాప పెరుగుతోంది. ఎవరి పెళ్ళికని అడిగితే, "నా చావుకి" అనేది. ఫాలేమౌలిలో మనిషి పోతే నలుగురూ వచ్చి మొదట చూసేది ముఖం కాదు, మీద కప్పిన సన్నచాప. కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు తెచ్చి పరుస్తారు. ఏదీ లేకుండా పోయినవాళ్ళని మూడు తరాల తర్వాత కూడా ఎత్తిచూపుతారు.

"నాకెవరు తెస్తారు? నాది నేనే అల్లుకుంటున్నా. చచ్చాక ఇంకొకళ్ళ దయ కప్పుకుని పడుకోను" అనేది అలీటాసి.

"తొమ్మిదేళ్ళే అత్తా!" అనేది పక్కనుండే పౌలినా. "మృత్యువు గుమ్మం దగ్గర నిలబడి నిలబడి, కాళ్ళు పీకి, మా ఇంట్లో రెండుసార్లు మంచినీళ్ళు తాగి పోయాడు."

"ఇంకొన్నాళ్ళు కూర్చోమను. అంచుకి ఈకలు కట్టాలి."

పదకొండో వారంలో ఒకరోజు, ఏ బుద్ధి పుట్టిందో గాని, ఆ చాప మూల ఫీపే ఒళ్ళోకి జరిపింది ముసలమ్మ. "జానెడు అల్లు. చూద్దాం." పిల్ల ఊపిరి బిగబట్టి సగం రోజు అల్లింది. తీరా చూస్తే మధ్యలో ఒక పోగు కింద నుంచి పోవలసింది పైనుంచి పోయింది. అక్కణ్ణుంచి వరసంతా కుంటిదాని నడకలా పక్కకి ఒరిగింది. విప్పేస్తానని బతిమాలింది పిల్ల.

అలీటాసి బొటనవేలితో ఆ జానెడూ తడిమింది. తడిమి తడిమి, పళ్ళులేని నోరు బార్లా తెరిచి నవ్వింది. "ఉండనీ. పీనుగు మీద నలుగురి చెయ్యీ ఉండాలంటారు. నాకు నీ వంకర చెయ్యే రాసిపెట్టి ఉంది."

అందరూ నవ్వారు. కానీ ఆ సాయంత్రం ముసలమ్మ చేపలో కడుపుముక్క తన ఆకులోంచి తీసి పిల్ల ఆకులో వేసింది. ఇది చూసి పౌలినా గుండెలు బాదుకుంది. "ఇరవై ఏళ్ళు పక్కింట్లో ఉన్నాను. నాకు తలకాయ కూడా వెయ్యలేదమ్మా ఈ మనిషి!"

పద్నాలుగో వారం వచ్చింది. చాపకి ఎర్రటి ఈకల అంచు కట్టడం పూర్తయింది. నూనె మూకుడు ముందు నిలబడ్డ ఫీపే తల్లిలా, ఈ ముసలమ్మ కూడా నడుం నిటారుగా చేసి, "హమ్మయ్య, ఇక ఎప్పుడైనా పోవచ్చు" అంది. 

సరిగ్గా అప్పుడే ఆపియా నుంచి ఫోన్. కోర్సు నడిపే డాక్టర్ వైఫాలే. ఊళ్ళలో చేసిన పనులన్నీ యూనివర్సిటీ హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. మంచిది తెచ్చినవాళ్ళకి మంచి మార్కులు.

ఫీపే నోటుబుక్కు ముప్ఫై ఏడో పేజీలో ఒక మాట రాసుకుంది: 'ఇంటి బిడ్డ నోరు తెరిచి అడిగినదాన్ని కాదనడం ఈ ఊళ్ళో తలవంపు.' ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదువుకుంది. తర్వాత నలుగురూ అల్లిక ఇంట్లో ఉన్న వేళ చూసి, ముసలమ్మ ముందు కాళ్ళు మడిచి కూర్చుని, తల వంచి అడిగింది.

"అవ్వా, నీ ఇంటి బిడ్డగా అడుగుతున్నాను. చాప పదిహేను రోజులు నాకియ్యి. హాల్లో నడిమధ్య నీ పేరుతో కడతాను. మళ్ళీ నా చేతుల్తో తెచ్చి నీ ఒళ్ళో పెడతాను."

అల్లిక ఇంట్లో వేళ్ళన్నీ ఆగిపోయాయి. అలీటాసి చాప అంచు ఒకసారి తడిమింది. "నేర్చుకున్నావే" అంది చివరికి. "బాగానే నేర్చుకున్నావు." చాప మడిచి, నడుముకి కట్టుకునే పాత లావాలావా గుడ్డలో చుట్టి, చేతికిచ్చింది. "ఈ పదిహేను రోజులూ నేను చావకుండా చూసుకోవాలి కాబోలు. ఒసేయ్ పౌలినా, నీ వంట నాకు పెట్టకు."

హాల్లో చాప నడిమధ్యే కట్టారు. కింద చీటీ: 'అల్లినవారు: అలీటాసి, ఫాలేమౌలి.' చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. వైఫాలే అందరికీ చూపించి, "సంఘమే గురువు" అని ఉపన్యాసాలు దంచాడు. ఫీపే తల్లి కూడా బస్టాండు నుంచి వచ్చి, చేతులకి అంటిన పిండి వెనక దాచుకుని, దూరం నుంచి చూసి వెళ్ళింది.

మూడో రోజు పొద్దున్న ఒక మంత్రిగారి తల్లి పోయింది. యూనివర్సిటీ తరఫున సన్నచాప లేకుండా ఆ గుమ్మంలోకి ఎలా పోతారు? ఆఫీసులో ఉన్న చాపలు ఎలకలు కొట్టేసి ఉన్నాయి. వైఫాలే హాల్లోకి వచ్చాడు. ఫీపే నిచ్చెన మీద నిలబడి దీపాలు సర్దుతోంది. ఆయన చాప దగ్గరకి వెళ్ళి, కింద చీటీ తీసి, చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చంకలో మార్కుల ఫైలుంది.

"ఇది మనదేగా?" అన్నాడు.

ఆ మాటకి జవాబు ఆయన జేబులోనే ఉంది. అది ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసునని ఫీపేకీ తెలుసు. 

"మనదే సార్" అంది.

"అయితే దింపు."

తన చేతుల్తోనే దింపింది. తన చేతుల్తోనే మడిచింది.

సన్నచాప కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుడుతుంది. చావింటికి వచ్చిన చాప సాయంత్రానికి పాదిరిగారి ఇంటికి, అక్కణ్ణుంచి ఎవరి పెళ్ళికో, ఆ పెళ్ళి నుంచి ఇంకెవరి గృహప్రవేశానికో పోతుంది. ఒక చాప అలా దీవులన్నీ తిరిగి, న్యూజిలాండ్ కూడా చూసి, అల్లినావిడ కంటే బాగా ఇంగ్లీషు నేర్చుకు వచ్చిందని చెప్పుకుంటారు. ఏమైనా ఒకసారి ఇచ్చిన చాపని తిరిగి అడగడం మాత్రం ఎక్కడా లేదు.

పదిహేను రోజులయ్యాయి, నెలయింది. ఫీపే ఫోన్ ఎత్తడం మానేసింది. అలీటాసి రోజూ పడవ వచ్చే వేళకి దారి వైపు తిరిగి కూర్చునేది. చూడ్డానికి కాదు, వినడానికి. రెండో నెలలో మసోయే స్వయంగా ఆపియా వెళ్ళి సంగతి తెలుసుకు వచ్చాడు. ఆ రోజు ఫాలేమౌలిలో మొట్టమొదటిసారి ఎవరూ హాస్యమాడలేదు.

ఊరు కూర్చుని తీర్మానించింది, ఇక యూనివర్సిటీ మనిషి ఎవడూ ఊరి పొలిమేర తొక్కడానికి వీల్లేదని. పక్క ఊళ్ళు కూడా ఆ మాటే అన్నాయి. నలభైమంది విద్యార్థుల ఫారాల మీద ఊరి సంతకం ఆగిపోయింది. అప్పుడు గానీ పైవాళ్ళు కదల్లేదు. "వెళ్ళి ఇఫోంగా చెయ్యండి" అని వైఫాలేకి చెప్పారు.

ఇఫోంగా అంటే మాటల మన్నింపు కాదు. తప్పు చేసిన ఇంటి పెద్ద తెల్లవారుతుండగా వచ్చి, తప్పు జరిగిన ఇంటి ముందు నేల మీద కూర్చుని, నెత్తి మీంచి సన్నచాప కప్పుకోవాలి. పక్కన కట్టెలు, రాళ్ళు, ఆకులు పెట్టుకోవాలి. 'ఇదిగో పొయ్యి సరంజామా, మమ్మల్ని కాల్చుకు తిన్నా సరే' అని. నోరు మెదపకూడదు. ఇంట్లోవాళ్ళు వచ్చి చాప ఎత్తితే మన్నించినట్టు. ఆ చాప వాళ్ళది. ఎత్తకపోతే ఎండయినా వానయినా అలా ఉండవలసిందే. వెనకటి రోజుల్లో గొడ్డలి తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

వైఫాలే భార్య మంచం కింద ఒక చాప ఉంది, పోయిన నెల ఏదో పెళ్ళిలో వచ్చింది. మడత విప్పి చూసే ఓపిక ఆయనకి లేదు. దాన్నీ, పట్నం దుకాణంలో కొన్న కట్టెల మోపునీ, ఫీపేనీ వ్యాన్లో వేసుకుని వచ్చాడు. ఫాలేమౌలి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. 

"నాకు నడుం నొప్పి. నేల మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు" అన్నాడు వ్యాన్లోనే. "నువ్వు కూర్చో. తెచ్చింది నువ్వు, తిరిగిస్తానన్నది నువ్వు. మనదేనన్నది కూడా నువ్వే."

ఫీపే ఆయన ముఖంలోకి చూసింది. ఒళ్ళో ఫైలుంది. అందులో తన ఫారం పసుపు అంచు కనిపిస్తోంది.

"ముసలావిడ ఎత్తగానే ఈ రోజే సంతకం పెట్టించేద్దాం. నా యాభై నేను ఎప్పుడో వేసి ఉంచాను, పెన్సిలుతో" అన్నాడాయన. "చాప కింద నోరు మాత్రం తెరవకు. ఇఫోంగా చెడితే నీ కాగితం, నలభైమంది కాగితాలూ ఇక్కడే తగలబెట్టుకు పోవాలి. కట్టెలు ఎలాగూ తెచ్చాం."

ఫీపే తెల్లటి పులెతాసి, పాదాలదాకా దిగే గౌను, తొడుక్కుని, అలీటాసి ఇంటి ముందు గులకరాళ్ళ మీద మోకాళ్ళు మడిచి, తల వంచి కూర్చుంది. డ్రైవరు వచ్చి ఆ పిల్ల మీద చాప కప్పి, కట్టెలు పక్కన పెట్టి, వ్యాన్ దగ్గరకి పారిపోయాడు. చాప కింద చీకట్లో మొగలాకు వాసన వచ్చింది.

ఊరు లేచింది. గోడల్లేని ఇళ్ళు కదా, అందరికీ అన్నీ కనిపిస్తాయి. కానీ ఆ ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ దగ్గరకి రాకూడదు. 

"ఎవరే అది?" అలీటాసి గొంతు ఇంట్లోంచి.

"యూనివర్సిటీ వాళ్ళు వచ్చి కూర్చున్నారత్తా" అన్నాడు మసోయే. అతను ఆవిడకి మేనల్లుడి వరస.

"ఎంతమంది?"

"ఒక్కరే. చిన్న మనిషి. నీ పిల్లే అనుకుంటా."

"మరి పెద్దాయన?"

"వ్యాన్లో ఉన్నాడు. అద్దాలెత్తుకుని."

"ఓహో" అంది అలీటాసి. "గుడ్డు తిన్నది పిల్లి, పొయ్యి మీద పెట్టింది పిల్లనా! అలాగే ఉండనీ. ఆయన దిగి వచ్చి ఆ చాప కింద దూరితే అప్పుడు ఎత్తుతాను. అందాకా నాకు కళ్ళు కనపడవు, ఆకలేస్తోంది, కోకో కాచండి."

ఎండ ఎక్కింది. చాపలోంచి వెలుగు జల్లెడ పట్టినట్టు దిగడం మొదలుపెట్టింది. ఫీపే మోకాళ్ళలో గులకరాళ్ళు దిగబడుతున్నాయి. చెమట ముక్కు చివర నుంచి చుక్కచుక్కగా రాలుతోంది. బయట పౌలినా ఎవరితోనో అంటోంది. "ఇంకో గంటుంటే ఉడుకుతుంది. చేమదుంపలు కూడా పక్కన పెట్టండర్రా."

తల కాస్త పక్కకి తిప్పింది. ఎడమ కంటికి బెత్తెడు దూరంలో వెలుగు తిన్నగా రావడం లేదు. వరసలన్నీ గీత గీసినట్టున్నాయి. ఒక్కచోట మాత్రం, జానెడు మేర, కుంటిదాని నడకలా పక్కకి ఒరిగింది. ఒక పోగు కింద నుంచి పోవలసింది పైనుంచి పోయింది.

తన చెయ్యిని తాను పోల్చుకోకుండా ఉంటుందా ఎవరైనా? 

మంత్రిగారి ఇంటి నుంచి పాదిరిగారింటికి, అక్కణ్ణుంచి పెళ్ళికి, పెళ్ళి నుంచి వైఫాలే మంచం కిందకి, మంచం కింద నుంచి తన నెత్తి మీదకి. పోగొట్టిన చాపకి క్షమాపణగా ఆ చాపనే తెచ్చారు.

'అవ్వా, ఇది నీదే' అంటే చాలు. మూడు మాటలు. ముసలమ్మ పరిగెత్తుకు వస్తుంది. కానీ నోరు తెరిస్తే ఇఫోంగా చెడుతుంది. దొంగసొమ్మునే కానుకగా తెచ్చారని ఫాలేమౌలి పకపకా నవ్వుతుంది, ఆ నవ్వు ఆపియా దాకా వినిపిస్తుంది, వైఫాలే పెన్సిలు మార్కులు చెరిపేస్తాడు. నూనె ముందు నిలబడ్డ తల్లి ఇంకా నిలబడే ఉంటుంది. నోరు మూసుకుంటే? కాసేపట్లోనో సాయంత్రానికో ముసలమ్మ ఎత్తే ఎత్తుతుంది. చాప ఎలాగూ ఆవిడకే దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఇలా అనుకుని ఫీపే పెదవులు బిగించింది.

అప్పుడే కొండ వెనక ఉరుము వినిపించింది.

"అత్తా, వానొచ్చేలా ఉంది" అన్నాడు మసోయే. "ఎత్తెయ్యి. ఎవరి చాపయితేనేం, మంచి చాపలాగుంది. తడిస్తే ఈకల రంగు దిగిపోతుంది."

"దిగనీ. ఎవరి చాపో నాకెందుకు బాధ? నాది పోయినప్పుడు వాళ్ళు బాధపడ్డారా?" అంది అలీటాసి. తర్వాత కర్ర పొడుచుకుంటూ అరుగు చివరిదాకా వచ్చిన చప్పుడయింది. గొంతు మారింది. ఇదివరకు చేప కడుపుముక్క వేసినప్పటి గొంతు. "ఒసేయ్ యూనివర్సిటీ. ఇఫోంగాలో మాట్లాడకూడదని నాకూ తెలుసు. అయినా అడుగుతున్నా. నాకేమైనా చెప్పాలనుంటే చెప్పు. మిగతావాళ్ళు చెవులు మూసుకుంటారు."

చాప కింద ఫీపే నోరు తెరిచింది. వ్యాన్ హారన్ ఒకసారి మోగింది, చిన్నగా, గుర్తుచేసినట్టు.

నోరు మూసుకుంది.

"లేదా? సరే" అంది ముసలమ్మ.

వాన వచ్చింది. ఆ దీవి వాన చినుకులుగా రాదు, ఎవరో పైన గంగాళాలు బోర్లించినట్టు వస్తుంది. చాప బరువెక్కి ఫీపే మెడ వంచేసింది. అంచు ఎర్రఈకల రంగు కరిగి, పాయలు పాయలుగా చాపంతా పాకి, తెల్ల పులెతాసి మీదకి కారింది. చూసేవాళ్ళకి లోపల కోడిని కోసినట్టుంది. బురద కొట్టుకొచ్చి చాప కొసలు మింగేసింది. వంకర వరస మీంచి ఎర్రనీళ్ళు దిగుతుంటే ఫీపే చూస్తూనే ఉంది. ఇప్పుడైనా చెప్పవచ్చు. ఇప్పుడైనా. ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం? అలా ఒక్కొక్క 'ఇప్పుడూ' జారిపోయింది.

గంటకి వాన వెలిసింది. వైఫాలే దిగలేదు. చివరికి మసోయే, "అత్తా, పిల్ల చచ్చేలా ఉంది. చస్తే ఈసారి మనం ఇఫోంగా చెయ్యాలి" అన్నాడు.

అలీటాసి వచ్చింది. కర్ర కింద పెట్టి, రెండు చేతులా తడిచాప పట్టుకుంది. ఎత్తింది. ఎత్తుతూనే ఆగిపోయింది. వేళ్ళు కదిలాయి. నేత తడిమాయి, అంచు ముడి తడిమాయి, మూలకి వెళ్ళాయి, మెల్లిగా, పసిపిల్ల ముఖం తడిమినట్టు. వంకర వరస దగ్గర బొటనవేలు నిలబడిపోయింది.

ఊరంతా చూస్తోంది. వేళ్ళకి తెలిసినది ఇంకా ఎవరికీ తెలియదు.

"ఇది నీ కంటికి ఎంత దూరంలో ఉందే?" అంది అలీటాసి, ఇద్దరికే వినపడేలా.

"బెత్తెడు, అవ్వా."

"ఎప్పుడు చూశావు?"

"ఎండెక్కినప్పుడు."

"వానకి ముందే."

"ముందే."

ముసలమ్మ తలాడించింది. "లేపండర్రా దీన్ని. లోపల కూర్చోబెట్టండి. మన్నించాను" అంది గట్టిగా. ఊరు హమ్మయ్య అంది. వ్యాన్ తలుపు వెంటనే తెరుచుకుంది. నడుం నొప్పి ఎటు పోయిందో గాని, వైఫాలే గొడుగు పట్టుకుని గబగబా వచ్చి, అందరికంటే ముందు అరుగెక్కాడు.

చాప ఎత్తాక తప్పు చేసినవాళ్ళకి అన్నం పెట్టాలి, పెట్టింది తినాలి, అది పద్ధతి. అలీటాసి ఉన్న ఒక్క కోడినీ కోయించింది. కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర, చేమదుంపలు, కోడితొడ ఫీపే ముందు పెట్టించింది. తడి పులెతాసిలో వణుకుతూ కూర్చుంది పిల్ల. వైఫాలే తింటూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఊరూ యూనివర్సిటీ చేతులు కలపడం గురించి, పెద్దల మనసు గురించి. తర్వాత వేళ్ళు తుడుచుకుని ఫారం తీశాడు.

"ఇక్కడ మార్కులు, ఇక్కడ వేలిముద్ర. ఇక్కడ, ఈ చతురస్రంలో, విద్యార్థిని చేసిన పని నమూనా ఏదైనా జతచెయ్యాలమ్మా. చిన్న ముక్క చాలు."

"నమూనానా? ఉంది" అంది అలీటాసి. తడిచాప ఒళ్ళోకి లాక్కుంది. పోగులు కోసే కత్తి తీసింది. మూల వెతుక్కుని, జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, కోసేసింది. తొమ్మిదేళ్ళ నేత కర్రుమని తెగిన చప్పుడు అరుగంతా వినిపించింది. పౌలినా నోటి మీద చెయ్యి వేసుకుంది. మసోయే లేవబోయి, ఆ ముక్కలో వంకర చూసి, ఎక్కడివాడక్కడ కూలబడ్డాడు. ఇప్పుడు అందరికీ తెలిసింది. వైఫాలేకి తప్ప.

"ఇదిగో. పూర్తిగా దాని చేతిపనే. నాది ఒక్క పోగు లేదు" అంది ముసలమ్మ. "మార్కులు రాసుకో బాబూ. యాభైకి యాభై."

"యాభై! ఇంతవరకు ఏ ఊరూ ఇవ్వలేదమ్మా!"

"ఎలా ఇస్తారు? మిగతా పిల్లలు మా దగ్గర నేర్చుకోడానికి వచ్చారు. ఇది మీ దగ్గర కూడా నేర్చుకుంది." ఇంకుపెట్టెలో బొటనవేలు అద్ది, ఫారం మీద నొక్కింది. "పూర్తిగా వచ్చేసింది దానికి. టీచరమ్మ అయిపోయింది. పొమ్మను, పదిమందికి నేర్పమను."

వైఫాలే జేబులోంచి పెన్సిలు తీసి, ఆనక సిరా కలం తీసి, తన యాభై మీద దిద్దాడు. ముక్కని గుండుసూదితో చతురస్రంలో గుచ్చాడు. కాస్త ఎర్రరంగు కాగితం మీదకి ఊరింది.

అలీటాసి బొక్క పడ్డ చాపని మడవకుండానే పక్కకి తోసి, ఫీపే వైపు తిరిగింది. చేత్తో వెతికి ఆకు అంచు పట్టుకుంది. కోడితొడ అలాగే ఉంది.

"తినవేం? మన్నించినదాని అన్నం వదిలెయ్యకూడదు."

ఫీపే తొడ అందుకుంది. ఊరంతా చూస్తోంది. ఎవరూ హాస్యమాడలేదు. కొరికింది, నమిలింది, మింగింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది ముసలమ్మ.

"సరిపోయిందవ్వా."

"అయితే రెండో తొడ కూడా వెయ్యండర్రా. మళ్ళీ ఈ ఇంటికి రాదుగా."